కొల్లేటి వసంతం: వచ్చే పిట్ట, పోయే పిట్ట

వసంతం అనగానే కవులకు కోయిల గుర్తుకొస్తుంది. పత్రికలవారికి "సైబీరియా పక్షులు" గుర్తుకొస్తాయి. రైతుకు మాత్రం దాళ్వా చేలో పాలుపోసుకుంటున్న వెన్నులూ, కాలవలో రోజురోజుకీ తగ్గిపోతున్న నీళ్ళూ గుర్తుకొస్తాయి. ఈ మూడూ వేరువేరు సంగతులుగా కనిపిస్తాయి గాని, నిజానికి ఒకే కథలోని మూడు ముక్కలు. ఆ ముక్కల్ని ఒకచోట చేర్చి మన కళాశాల మిత్రుల ముందుంచాలని నా ప్రయత్నం. నేను కొల్లేటి ఒడ్డు రైతుబిడ్డను, జంతుశాస్త్ర విద్యార్థిని. కాబట్టి కంటితో చూసిందీ, తరగతిలో చదివిందీ రెండూ ఇందులో కలగలిసి ఉంటాయి.

కొల్లేరంటే ఏమిటి?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏర్లు తెచ్చిన వరదనంతా ఇది తనలో పట్టి ఉంచుకుని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రంలోకి వదులుతుంది. లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా కొలిస్తే 308 చదరపు కిలోమీటర్లు. మా వైపు ఈ గీతను "అయిదో కాంటూరు" అంటారు. చదువు రాని ముసలమ్మకు కూడా ఈ ఇంగ్లీషు మాట తెలుసు, ఎందుకంటే ఊళ్ళ తగాదాలన్నీ ఆ గీత చుట్టూనే తిరుగుతాయి. 1999లో ఈ ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో, అంటే రామ్సార్ జాబితాలో, కొల్లేరు చేరింది.

లోతు తక్కువ కావడమే కొల్లేటి గొప్పతనం. ఎండ అడుగుదాకా దిగుతుంది. నాచు, తామర, కిక్కిస పెరుగుతాయి. వాటిలో పురుగులు, నత్తలు, చేపపిల్లలు పెరుగుతాయి. మోకాలి లోతు నీళ్ళుంటే కాళ్ళు పొడవైన కొంగకు అది వడ్డించిన విస్తరి. వానాకాలంలో నిండడం, వసంతంలో తగ్గడం అనే ఈ ఊపిరి ఉన్నంతకాలమే ఆ విస్తరి ఉంటుంది. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

గూడబాతు పుట్టిల్లు ఎక్కడ?

కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళినవారెవరైనా మొదట చూసేది గూడబాతునే. గడ్డం కింద సంచి వేలాడుతూ, బూడిదరంగు కలిసిన తెలుపుతో ఉండే పెద్ద పక్షి. నీటి మధ్య అటవీశాఖవారు పాతిన ఇనుప స్టాండ్ల మీదా చెట్ల మీదా గూళ్ళు కట్టుకుంటుంది. శీతాకాలమంతా గుడ్లూ పిల్లలూ, మాఘం, ఫాల్గుణం నాటికి తల్లిదండ్రులంత సైజుకు పెరిగిన పిల్లలు గోలగోలగా తిండికోసం అరుస్తుంటాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ఆ సంచిలో దూరిపోతుంది. చూస్తే తల్లే పిల్లను మింగేస్తోందేమో అనిపిస్తుంది గాని, తినేది పిల్ల!

దీన్నే ఏటేటా "వేల మైళ్ళ నుంచి వచ్చిన సైబీరియా అతిథి" అని రాస్తుంటారు. ఇది సరికాదు. ఈ గూడబాతు జాతి భారతదేశం, శ్రీలంక, కంబోడియా మొదలైన దక్షిణ, ఆగ్నేయాసియా దేశాల్లోనే నివసిస్తుంది. సైబీరియా మంచును అది జన్మలో చూడదు. ఎర్రకాళ్ళ కొంగ సంగతీ అంతే. నీళ్ళనుబట్టి, చేపనుబట్టి ఒక చెరువునుంచి ఇంకో చెరువుకు, ఒక జిల్లానుంచి ఇంకో జిల్లాకు తిరుగుతాయి తప్ప దేశాంతరం నుంచి రావు.

పక్షి ఎక్కడిదో తెలుసుకోవడానికి ఒక సులువైన సూత్రం ఉంది. అది ఎక్కడ గుడ్డు పెడుతుందో అదే దాని సొంతూరు. ఆ లెక్కన గూడబాతు మన ఊరిది. 1949లోనే కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలోని గూడబాతుల గూళ్ళ గురించి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. తరువాతి దశాబ్దాల్లో ఆ గూళ్ళు అక్కడ లేకుండా పోయాయి. ఇప్పుడున్నవి ఆటపాకలో. అంటే గూడబాతు మనకు అతిథి కాదు, ఇల్లు పోయి ఇంకో ఇల్లు వెతుక్కున్న మన పొరుగువాడు. అతిథి వెళ్ళిపోతే మళ్ళీ వస్తాడులే అనుకోవచ్చు. ఇంటివాడే వెళ్ళిపోతే ఎక్కడికి పోయాడని అడగాలి. మాటలో ఈ తేడా చిన్నదే గాని, మన బాధ్యతలో చాలా తేడా వస్తుంది.

మరి నిజమైన అతిథులెవరు?

సూదిలాంటి తోక ఉన్న బాతు, గరిటలాంటి ముక్కున్న బాతు, తోక ఆడించే పసుపు జిట్టంగి, తీగెల మీద బారులు తీరి కూర్చునే వానకోవెల, నీటి అంచున పరుగులు తీసే రకరకాల ఉల్లంకి పిట్టలు. ఇవి శీతాకాలపు అతిథులు. హిమాలయాలకు ఉత్తరాన, మధ్య ఆసియాలో, సైబీరియాలో వీటి పుట్టిళ్ళు. వీటి రాకపోకలు ఊహించి చెప్పినవి కావు. 1899లో డెన్మార్కులో మార్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు గోరువంకల జాతి పిట్టల కాళ్ళకు నంబర్లున్న అల్యూమినియం ఉంగరాలు తొడిగి వదిలిపెట్టాడు. అక్కడనుంచి ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1960లలో సాలిం అలీ నాయకత్వాన వేలాది పక్షులకు ఇలా ఉంగరాలు తొడిగారు. ఇప్పుడు ఉపగ్రహానికి సంకేతాలు పంపే చిన్న పరికరాలు కూడా వచ్చాయి.

వసంతంలో ఈ అతిథులు ఎందుకు వెళ్ళిపోతాయి? "ఎండలు భరించలేక" అని మనవాళ్ళు అంటారు. అసలు కారణం ఎండ కాదు, వెలుతురు. మన కొల్లేటి దగ్గర డిసెంబరులో పగలు 11 గంటల చిల్లర, జూన్‌లో 13 గంటల పైచిలుకు. ఏడాది మొత్తానికి తేడా రెండు గంటలే. అదే 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్‌లో పగలు దాదాపు 19 గంటలు! మంచు కరిగిన నేల మీద పురుగు పుట్రా లెక్కలేనంత. పిల్లలకు తిండి పెట్టుకోవడానికి రోజుకు 19 గంటల పని సమయం దొరికితే ఏ తల్లి మాత్రం వదులుకుంటుంది? అందుకని అంతదూరం పోవడం.

ఇక్కడున్న పిట్టకు అక్కడ వసంతం వచ్చిన సంగతి ఎలా తెలుస్తుంది? 1920లలో కెనడాలో విలియం రోవన్ అనే శాస్త్రజ్ఞుడు గడ్డకట్టే చలిలో ఆరుబయట పంజరాల్లో పిట్టలనుంచి, విద్యుద్దీపాలతో రోజుకు కొద్ది నిమిషాల చొప్పున పగటిని పొడిగిస్తూ పోయాడు. నడి చలికాలంలోనే వాటి బీజకోశాలు వసంతంలో మాదిరిగా పెరిగాయి! అంటే వాటికి గడియారం వేడి కాదు, పగటి పొడవు. 1930లలో ఫ్రాన్సులో జాక్ బెన్వా బాతుల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో వింత తేలింది. ఈ వెలుతురును పక్షి కంటితోనే చూడక్కరలేదు. పుర్రెగుండా లోపలికి దిగిన కాంతిని మెదడులోని కొన్ని కణాలే నేరుగా గ్రహించగలవు. ఆ కబురు పీయూష గ్రంథికి పోతుంది, అక్కడనుంచి హార్మోన్లు బయలుదేరతాయి. పక్షి ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది. దూరప్రయాణం చేసే కొన్ని చిన్నపిట్టలు బయలుదేరేముందు దాదాపు రెట్టింపు బరువు తూగుతాయి. ఆ కొవ్వే దారిబత్తెం.

మన పండుగలే పక్షుల పంచాంగం

ఇంగ్లీషు తారీఖులకంటే మన పండుగలతో చెబితే గుర్తుంటుంది. చంద్రమానం వల్ల ఏటా కొద్దిరోజులు అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు.

మహాశివరాత్రి: చలి శివశివా అంటూ పోయే రోజులు. బాతులు పెద్ద గుంపులుగా చేరతాయి. తెల్లవారుజామున నీళ్ళమీద ఇదివరకు లేని అలజడి, లేచి చుట్టుతిరిగి మళ్ళీ దిగడం కనిపిస్తాయి. ప్రయాణానికి ముందు బస్టాండులో జనం హడావిడి లాంటిది. పాలపిట్ట కూడా ఈ రోజుల్లోనే ఆకాశంలోకి ఎగిరి పల్టీలు కొడుతూ కిందికి దూకుతుంది. ఆడపిట్టను మెప్పించడానికి మగపిట్ట వేసే వేషాలివి. దసరానాడు తీగె మీద కదలకుండా కూర్చున్న పాలపిట్టను దణ్ణం పెట్టుకుని చూసినవారు దాని అసలు రంగులు చూడాలంటే ఇప్పుడు చూడాలి. మొవ్వు పోయిన తాటిచెట్టు తొర్ర దానికి ఇష్టమైన ఇల్లు. ఎండిపోయిన తాడి ఎందుకని నరికేస్తే దాని ఇల్లు కూల్చినట్టే.

హోళీ: బూరుగు, మోదుగ పూసే కాలం. నల్లతల, గులాబీరంగు ఒళ్ళు ఉన్న పాలిసపిట్టలు పూలమీద గుంపులుగా వాలి తేనె తాగుతుంటాయి. మెట్ట ప్రాంతాల్లో జొన్నచేలను దోచేది ఇదే. అందుకే రైతుకు దీన్ని చూస్తే ఒళ్ళు మంట. కాని ఇది ఉగాది దాటాక మధ్య ఆసియాకు పోయి, అక్కడ గుడ్లు పెట్టి, పిల్లలకు మిడతలను పట్టి పెడుతుంది. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతలను అదుపు చేయడానికి 1980లనుంచి దీనికోసం రాళ్ళగూళ్ళు కట్టించి మరీ పిలుస్తున్నారు! మన జొన్నగింజ తిని, వాళ్ళ మిడతను చంపుతుందన్నమాట. కూలి ఒకరు ఇస్తుంటే పని ఇంకొకరికి జరుగుతోంది.

ఉగాది: కోయిల. ఇది వసంతంలో ఎక్కడనుంచో రాదు. ఏడాది పొడుగునా మన తోటల్లోనే ఉంటుంది, చలికాలంలో నోరు మూసుకుని ఉంటుంది, అంతే. ఇంకో సంగతి, "కోయిలమ్మ పాట" అని మనం మురిసిపోయే ఆ కూ... అన్నది ఆడది కాదు, నల్లటి మగపక్షి. ఆడది గోధుమరంగు మీద తెల్లమచ్చలతో ఉంటుంది, దాని గొంతు కిచకిచమని గీరినట్టు ఉంటుంది. కాకి గూడు కట్టే రోజులను కనిపెట్టి ఇది దాని గూట్లో గుడ్డు పెడుతుంది. కంసాలిపిట్ట కూడా ఈ రోజుల్లోనే మర్రిచెట్టు కొసన కూర్చుని టంకు టంకుమని సుత్తి కొడుతుంది. ఎండ ముదిరేకొద్దీ దాని కొలిమి జోరు పెరుగుతుంది.

శ్రీరామనవమి: అతిథులు చాలావరకు వెళ్ళిపోయాయి. జిట్టంగులు కనబడవు. పసులపోలిగాడు గూడు కట్టే ప్రయత్నంలో ఉండి, తనకంటే ఎన్నోరెట్లు పెద్దవైన కాకినీ గద్దనూ తరిమితరిమి కొడుతుంటాడు. సాధుపిట్టలు తెలివిగా అదే చెట్టుమీద కాపురం పెడతాయి, కాపలా ఉచితం కదా!

బట్టలు మార్చుకునే పక్షులు

వసంతంలో "కొత్త పక్షి కనిపించింది" అని చెప్పేవారిలో చాలామంది చూసింది పాతపక్షినే, కొత్తబట్టల్లో. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు తల, మెడ, వీపు బంగారు రంగుకు తిరుగుతాయి. మట్టిరంగులో కలిసిపోయి మనిషి దగ్గరికొచ్చేదాకా కదలనందువల్ల గుడ్డికొంగ అని పేరుపడిన కొంగకు వీపు ముదురు ఎరుపుకు మారుతుంది. తామరాకుల మీద పొడవాటి వేళ్ళతో నడిచే నీటిపిట్టకు వేసవి వచ్చేసరికి కొడవలిలాంటి పొడవాటి తోక మొలుస్తుంది. దాని సంసారం ఇంకా విచిత్రం. గుడ్డు పెట్టడం వరకే ఆడదాని పని. పొదగడం, పిల్లల్ని సాకడం మగదాని వంతు. ఆడది ఇంకో మగపిట్టను వెతుక్కుంటూ పోతుంది. మన వసతిగృహంలో ఈ సంగతి చెబితే చాలాసేపు చర్చ జరిగింది!

మా బాబాయి ప్రశ్న

ఇంతవరకు ముచ్చటగా ఉంది. ఇక చేదు సంగతి. మా బాబాయి అయిదో కాంటూరుకు పైన, పట్టాభూమిలో చేపల చెరువు లీజుకు చేస్తాడు. పిల్ల వేసిన రోజుల్లో నీటికాకులు, గూడబాతులు దిగితే ఆయనకు నిద్రుండదు. చెరువు మీద దారాలు కట్టించడం, డబ్బాలు మోగించడం, టపాకాయలు కాల్చడం. ఒకరోజు నా నోటుపుస్తకం చూసి, "ఒరే అబ్బాయ్, నువ్వు లెక్కపెట్టే ఒక్కో పక్షీ నా చెరువులో ఎంత తిందో ఆ లెక్క కూడా రాయరా. నీ గూడబాతుకు చదువు రాదు, ఇది కాంటూరు లోపల, ఇది బయట అని చూసి వాలదు" అన్నాడు.

ఈ ప్రశ్నను నవ్వి వదిలేసే హక్కు మనకు లేదు. అప్పు తెచ్చి పిల్ల వేసినవాడి బాధ అది. కాని జవాబు పక్షిలో లేదు, నీళ్ళలో ఉంది.

ఎర్రకాళ్ళ కొంగ చేపను చూసి పట్టదు. బురదనీళ్ళలో ముక్కు సగం తెరిచి ఉంచి నడుస్తుంది. చేప తగిలిన వెంటనే ముక్కు మూసుకుంటుంది. అమెరికాలో ఉన్న దీని దగ్గరి బంధువు మీద చేసిన పరిశీలన 1963లో అచ్చయింది. తగలడానికీ మూసుకోవడానికీ మధ్య పట్టినది సెకనులో నలభయ్యో వంతు! అయితే ఈ వేటకు ఒక షరతు ఉంది. నీరు మోకాలి లోతే ఉండాలి, తగ్గుతూ చేపలు ఒకచోటికి చేరుతూ ఉండాలి. అంటే కొల్లేరు సహజంగా వసంతంలో తగ్గే తీరు దానికి కావాలి. నిలువుగట్లతో లోతుగా తవ్విన చేపల చెరువులో ఆ కొంగ దిగలేదు. ఈదగలిగిన గూడబాతు, మునగగలిగిన నీటికాకి మాత్రమే దిగగలవు. కాబట్టి సరస్సును చెరువులుగా కోసేసినకొద్దీ మనకు తెలియకుండానే మనం ఒక ఎంపిక చేశాం. చెరువు దోచలేని పక్షులకు ఇల్లు లేకుండా చేశాం, దోచగలిగినవాటిని మన చెరువు గట్టుకు తెచ్చుకున్నాం.

2006లో కాంటూరు లోపలి చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించింది. తరువాత చాలాచోట్ల మళ్ళీ గట్లు లేచాయి. గట్టు కొట్టినప్పుడు చిన్నరైతు, జాలరి జీవనం పోయిందన్నది నిజం. గట్టు లేచినప్పుడు సరస్సులో దోనె నడవక, మావులు పెట్టి నాటుచేప పట్టుకునే జాలరి జీవనం పోయిందన్నదీ అంతే నిజం. ఏరు తెచ్చిన నీరు సరస్సులో పరుచుకోవడానికి చోటు లేకపోతే వానాకాలంలో ఊళ్ళు మునుగుతాయి, వేసవికి సరస్సు ఎండుతుంది. సరస్సు ఎండితే గూడబాతు ఎక్కడికి పోతుంది? మా బాబాయి చెరువుకే పోతుంది. అందుకని సరస్సులో నీళ్ళు నిలవడం పక్షికెంత అవసరమో బాబాయికీ అంతే అవసరం. ఆయనకు నేను ఇదే చెప్పాను. "మాట బాగానే ఉంది, నీళ్ళొచ్చేదాకా దారాలు మాత్రం విప్పను" అన్నాడు. అదీ న్యాయమే. అయితే పిట్ట చిక్కుకుని చచ్చే సన్నవల తీసేసి, కనబడేలా రంగురిబ్బన్లు కట్టిన దారాలు వేయించడానికి ఒప్పుకున్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూడబాతును చంపడం నేరమని కూడా ఆయనకు తెలుసు.

పొలాల్లో మాట వేరు. అక్కడ పక్షి రైతుకు కూలి అడగని పనివాడు. మినుము చేలో లద్దెపురుగును ఏరుకు తినే పసులపోలిగాడు కూర్చోవడానికి అక్కడక్కడా కర్రలు పాతమని వ్యవసాయశాఖవారు చెబుతూనే ఉన్నారు. ఎలుకను పట్టే పైడికంటెను "అపశకునం" అని రాళ్ళుపెట్టి కొడుతున్నాం గాని, అది లేని చేలో ఎలుకమందుకు డబ్బు పోస్తున్నాం.

మనం చేయగలిగింది

మిత్రులారా, దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, పొద్దున్నే లేచే ఓపిక చాలు. దుర్భిణి ఉంటే మంచిది. సూర్యోదయం తరువాత రెండు గంటలు మంచి సమయం. తేదీ, చోటు, నీళ్ళ లోతు సుమారుగా, పక్షి పేరు, ఎన్ని అన్నది రాయండి. పేరు తెలియకపోతే సైజు, ముక్కు, కాళ్ళ రంగు, ఏం చేస్తోందో రాయండి. గూళ్ళ దగ్గరికి పోకండి. మనల్ని చూసి తల్లి లేస్తే ఎండకు గుడ్డు చెడుతుంది, కాకి ఎత్తుకుపోతుంది. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, ఇది 1987నుంచి నడుస్తోంది. ఫిబ్రవరిలో పెరటిపక్షుల గణన ఉంది. వీటిలో విద్యార్థులు ఎవరైనా పాల్గొనవచ్చు.

మీ ఊరు కొల్లేరు కాకపోవచ్చు. నెల్లూరువారికి పులికాట్, నేలపట్టు ఉన్నాయి. గుంటూరువారికి ఉప్పలపాడు చెరువు ఉంది. శ్రీకాకుళంవారికి తేలినీలాపురం ఉంది. ఏదీ లేకపోతే ఊరి మంచినీళ్ళ చెరువు ఉండనే ఉంది. మన తాతలు ఏ పక్షి ఏనాడు వచ్చిందో నోటితో చెప్పేవారు, రాసిపెట్టలేదు. అందువల్ల ఇదివరకు ఎన్ని ఉండేవి, ఎప్పుడు తగ్గాయి అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన చేతిలో కాగితం లేదు. కాగితం లేనివాడి మాట రెవెన్యూ ఆఫీసులోనే కాదు, శాస్త్రంలో కూడా చెల్లదు. ఈ ఉగాదినుంచి మనలో పదిమంది పది చెరువుల దగ్గర రాయడం మొదలుపెడితే, పదేళ్ళ తరువాత ఈ సంచికలో రాసే తమ్ముడికో చెల్లెలికో ఆ లెక్క అక్కరకొస్తుంది.

— బి.యస్సీ. (జంతుశాస్త్రం), ద్వితీయ సంవత్సరం